అమన్ చేరిన కోర్సు

ఇబ్రహీంపట్నం చరిత్రను ఎవరైనా తీరిగ్గా రాయడానికి కూర్చుంటే, థర్మల్ స్టేషన్‌లో మొదటిసారి కరెంటు పుట్టిన రోజుకీ, హైదరాబాదు రోడ్డు వెడల్పయిన రోజుకీ తగిన గౌరవం ఇచ్చాక, మూడో ఘట్టంగా మొన్నటి ఏప్రిల్‌లో ఒక మంగళవారం ఉదయాన్ని చేర్చక తప్పదు. ఆ రోజు ఆరుంబావుకి, పళ్లయినా తోముకోకుండా, మంచం మీదే బాసింపట్టు వేసుకుని, వేములపల్లి సిద్ధార్థ అనే ఇరవై ఒక్కేళ్ల యువకుడు ఫోన్లో సెట్టింగులు తెరిచి, వాట్సాప్‌లో నీలం టిక్కులు పడకుండా ఆపేశాడు.

దీనివల్ల ఒనగూడిన ప్రయోజనం ఒక్కటే. ఇకమీదట అతను ఎవరి స్టేటస్ చూసినా, చూసినట్టు వాళ్లకి తెలియదు. ‘ఎవరి’ అనేది చట్టాలు రాసేవాళ్లు వాడే మాట. అమల్లో ఆ చట్టం ఒక్కడి కోసమే పుట్టింది. వాడి పేరు అమన్.

అంతకుముందు రోజు అమన్ ఒక మెసేజీ పెట్టాడు. ‘ఏరా, నా స్టేటస్ నాకంటే ముందు నువ్వే చూస్తున్నావు. రోజూ ఆరుంబావుకేనా?’ అని. పక్కన నవ్వుతున్న బొమ్మలు మూడు. ఒక్క బొమ్మ పెట్టి ఉంటే చరిత్ర వేరే దారిన నడిచేది.

ప్రతి సంస్కరణలోనూ నష్టపోయేవాళ్లు కొందరుంటారు. ఇక్కడ నష్టపోయింది సిద్ధార్థ తల్లి శివపార్వతి. కోచింగ్ సెంటర్లో ఉన్న కొడుక్కి మధ్యాహ్నం ‘తిన్నావా’ అని మెసేజీ పెడితే, వాడు చూశాడో లేదో తెలియని చీకటి యుగం ఆవిడకి ఆ మంగళవారంతోనే మొదలైంది. ఆవిడ రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు నుంచి ఫోన్ చేయడం మొదలుపెట్టింది.

అమన్ స్టేటస్‌లలో ఉండేది కూడా ఏమంత కాదు. ఒకరోజు బల్ల మీద పడేసిన స్టెతస్కోపు. ఒకరోజు తెల్లకోటు చెయ్యి, ఆ చేతిలో కాఫీ కప్పు. ఒకరోజు ఆస్పత్రి కారిడార్, దాని కింద ‘సెకండ్ రౌండ్స్’ అనే రెండు ముక్కలు. వాడు ముఖం మాత్రం ఎప్పుడూ పెట్టేవాడు కాదు. సిద్ధార్థకి మండేది అక్కడే. ముఖం పెట్టి, దాని వెనక ఆస్పత్రి పెడితే గొప్పలు పోతున్నాడని సరిపెట్టుకోవచ్చు. ఉట్టి స్టెతస్కోపు పెట్టేవాణ్ణి ఏమనాలి? అది నిజంగా వాడి బల్ల మీద ఉంది కాబట్టి పెట్టాడు. అంతకంటే క్షమించరాని విషయం ఇంకోటి లేదు.

ఇద్దరూ ఇంటర్మీడియట్ బైపీసీలో ఒకే బెంచీ. సిద్ధార్థ తండ్రి రామకోటేశ్వరరావు థర్మల్ స్టేషన్‌లో బొగ్గు వచ్చే బెల్టుల దగ్గర ఆపరేటర్. అమన్ తండ్రి ముస్తాక్ ఫ్రిజ్‌లూ ఏసీలూ బాగుచేస్తాడు. మొదటిసారి నీట్ రాసినప్పుడు సిద్ధార్థకి మూడు వందల పద్దెనిమిది మార్కులొచ్చాయి, అమన్‌కి రెండు వందల ఎనభై ఏడు. ఎంబీబీఎస్ సీటు రెండింటికీ దూరమే. కానీ ముప్ఫై ఒక్క మార్కుల తేడా సిద్ధార్థ జీవితంలో నిలిచిపోయిన ఏకైక విజయం. ఆ తర్వాత చాలాకాలం దాని మీదే బతికాడు.

ఆ ఏడే అమన్ మంగళగిరి అవతల ఒక కాలేజీలో బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సులో చేరిపోయాడు.

“అసిస్టెంటా?” అని అప్పట్లో సిద్ధార్థ పడీ పడీ నవ్వాడు. “అంటే డాక్టరు గారి బ్యాగు మోస్తావా?”

“ఏమో రా. మోయమంటే మోస్తా,” అన్నాడు అమన్. “మళ్లీ ఏడాదంతా కూర్చుని కప్ప గుండెకి ఎన్ని గదులో బట్టీపట్టే ఓపిక నాకు లేదు.”

సిద్ధార్థకి ఆ ఓపిక ఉంది. లాంగ్ టర్మ్‌లో చేరాడు. లాంగ్ టర్మ్ అంటే, ఒకసారి రాసి పోగొట్టుకున్న పరీక్షని మళ్లీ రాయడానికి ఏడాదిపాటు అవే పుస్తకాలు చదివే వ్యవస్థ. మొదటి ఏడు పోరంకి దగ్గర హాస్టల్లో, రెండో ఏడు నిడమానూరు దగ్గర హాస్టల్లో, మూడో ఏడు హాస్టల్ సాంబారు మీద విరక్తి పుట్టి ఇంటి నుంచే. కప్ప గుండెకి మూడు గదులని అతను నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. నాలుగోసారి రాసిన నీట్ ఫలితాలు జూన్‌లో వచ్చాయి. మూడోసారి కంటే అరవై మార్కులు తగ్గాయి. పేపరు కష్టంగా వచ్చిందని అందరూ అన్నారు. అందరికీ కష్టంగా వచ్చిన పేపర్లో కూడా సీట్లు వచ్చినవాళ్లు ఉన్నారని శివపార్వతి ఒక్కతే అంది.

అప్పటికి కూడా సిద్ధార్థది మామూలు అసూయే. స్టేటస్ చూడటం, కడుపు మండటం, పళ్లు తోముకోవడం. అది మలుపు తిరిగింది ఆగస్టులో.

ఒకరోజు ఉదయం డ్యూటీలో ఉండగా రామకోటేశ్వరరావుకి గుండెల్లో పట్టేసినట్టయింది. తోటివాళ్లు విజయవాడ తీసుకెళ్లి సూర్యారావుపేటలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. తల్లీ కొడుకులు పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. మంచం పక్కన తెల్లకోటు వేసుకుని, చేతిలో అట్ట పట్టుకుని, కాగితం మీద ఏదో రాసుకుంటూ అమన్ నిలబడి ఉన్నాడు. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్ వాడికి అక్కడే పడింది. ఊళ్లో ఇన్ని ఆస్పత్రులుండగా.

“టెన్షన్ పడకండి ఆంటీ. ఈసీజీ బాగానే ఉంది. డాక్టరు గారు పది నిమిషాల్లో వస్తారు. ఈలోపు వివరాలు రాసుకుంటున్నా,” అని, మళ్లీ పేషెంటు వైపు తిరిగాడు. “అంకుల్, సిగరెట్ అలవాటుందా?”

“మా నాన్న తాగడు,” అన్నాడు సిద్ధార్థ.

“రోజుకి నాలుగు,” అన్నాడు రామకోటేశ్వరరావు.

శివపార్వతి కుర్చీలో కూర్చుండిపోయింది.

“ఎన్నేళ్ల నుంచి అంకుల్?”

“వీడు పుట్టకముందు నుంచి. టెన్షనున్న రోజు ఆరు.”

“టెన్షన్ ఎప్పుడెప్పుడు ఉంటుంది?”

రామకోటేశ్వరరావు కొడుకు వైపు ఒకసారి చూసి, “రిజల్ట్స్ అప్పుడు,” అన్నాడు.

అమన్ అది రాసుకోలేదు. అలా రాసుకోకపోవడం వాడి మంచితనమని సిద్ధార్థకి అర్థమైంది. అందుకే ఇంకా మండింది. ఇరవై ఒక్కేళ్లు ఒకే ఇంట్లో ఉండి తనకి తెలియని నాన్న, అట్ట పట్టుకొచ్చిన వాడికి మూడు ప్రశ్నల్లో దొరికిపోయాడు. నడిస్తే ఆయాసం వస్తోందా, ఎన్ని మెట్లెక్కితే వస్తోంది, పడుకుంటే ఎన్ని దిండ్లు కావాలి, తాతగారికి షుగరుండేదా. అన్నిటికీ ఆయన బుద్ధిగా, బడిపిల్లాడిలా జవాబులు చెబుతున్నాడు. చివర్లో అమన్ వంగి, ఆయన కాలు మీద, మడమకి పైన, బొటనవేలితో గట్టిగా నొక్కి, వేలు తీసి, గుంట పడిందేమోనని చూశాడు.

పాదాల వాపు గురించి సిద్ధార్థకి తెలియనిది లేదు. నాలుగు ఆప్షన్లలో సరైనది నలభై సెకన్లలో గుర్తించగలడు. కానీ మూడేళ్లుగా చదువుతున్న ఆ వాపుని ఒక కాలు మీద వేలు పెట్టి చూడవచ్చన్న సంగతి అతనికి ఎప్పుడూ తట్టలేదు.

డాక్టరు గారొచ్చారు. అమన్ గుక్క తిప్పుకోకుండా అర నిమిషంలో అంతా ఇంగ్లీషులో చెప్పాడు. డాక్టరు గారు ఆ కాగితం చూసి, రెండు ప్రశ్నలు వేసి, ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చూసి, “బీపీ ఎక్కువుంది, గుండెకి ఏమీ కాలేదు, సిగరెట్లు మానేయాలి,” అని చెప్పి వెళ్లిపోయారు. మందులు ఎప్పుడెప్పుడు వేసుకోవాలో అమన్ మళ్లీ తెలుగులో చెప్పాడు. పక్క మంచం మీదున్న ముసలాయన, “డాక్టరు బాబూ, ఓసారి ఇటొచ్చి చూడు,” అని పిలిచాడు.

“నేను డాక్టర్ని కాదు తాతా, అసిస్టెంట్‌ని. చెప్పు, ఏంటి?” అంటూ అమన్ అటు వెళ్లాడు.

ఆ ‘కాదు’ కూడా అంత తేలిగ్గా అనగలగడం సిద్ధార్థ గుండెలో దిగబడింది. తనైతే ఆ మాట అనడానికి ముందు కనీసం ఒక్క నిమిషం ఆగేవాడు.

తండ్రిని ఇంటికి తెచ్చిన మర్నాడు సిద్ధార్థ నీట్ పుస్తకాలు పక్కకి నెట్టి, ఒక తెల్లకాగితం తీసుకుని, తన భవిష్యత్తుని నిర్మించడం మొదలుపెట్టాడు. మహానగరాలకి కూడా ఇంత శ్రద్ధగా నక్షాలు గీసి ఉండరు. ఎడమవైపు తన పేరు, కుడివైపు అమన్ పేరు, మధ్యలో స్కేలుతో ఒక గీత.

మొదటి మెట్టు: బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్. నాలుగేళ్లు. మొదట శరీర నిర్మాణం, జబ్బులు, మందులు; తర్వాత వార్డుల్లో పోస్టింగులు; చివరి ఏడాది పూర్తిగా ఇంటర్న్‌షిప్. రెండో మెట్టు: గుండె విభాగంలో గానీ ఆపరేషన్ థియేటర్లో గానీ ఉద్యోగం. డాక్టరు గారి కంటే ముందు పేషెంటుని చూడటం, వివరాలు రాయడం, రిపోర్టులు సిద్ధం చేయడం, డాక్టరు చెప్పింది జరిగేదాకా వదలకపోవడం. సొంతంగా మందు రాయడానికి లేదు. ఏం చేసినా డాక్టరు పర్యవేక్షణలోనే. మూడో మెట్టు: పీజీ. నాలుగో మెట్టు: పెద్ద ఆస్పత్రిలో సీనియర్ ఫిజీషియన్ అసిస్టెంట్; కింద పదిమంది జూనియర్లు.

ఇంతవరకూ బ్రహ్మాండంగా ఉంది. చిక్కు కుడివైపు వచ్చింది. తను మొదటి మెట్టు దాటేసరికి అమన్‌కి మూడేళ్ల అనుభవం ఉంటుంది. తను రెండో మెట్టు మీద ఉండగా వాడు మూడో మెట్టు మీద ఉంటాడు. తను నాలుగో మెట్టు ఎక్కినప్పుడు పైన కుర్చీలో కూర్చుని, “రా, కూర్చో,” అనేది వాడే. ఎన్ని విధాల గీసినా ఆ మూడేళ్లూ తగ్గలేదు. చివరికి సిద్ధార్థ కుడివైపు గడిలో, అమన్ పీజీ చేయకుండా మూడేళ్లు ఏదో ఒక ఊళ్లో ఉండిపోయేట్టు ఏర్పాటు చేశాడు. ఊరి పేరు రాయలేదు, అంత పగ లేదు. ఆ సవరణతో పదో రోజుకి పథకం సాఫీగా కుదిరింది. ఏ పథకానికైనా ఇతరుల సహకారం కొంత అవసరం.

ఇక మిగిలింది, కోర్సులో చేరడానికి ఏమేం కావాలో కనుక్కోవడం. చెప్పగలిగినవాడు ఊళ్లో ఒక్కడే. అడగడం కంటే ఐదోసారి నీట్ రాయడం నయమనిపించింది. మూడు రోజులు ఆలోచించి, నాలుగో రోజు ఫోన్ చేశాడు.

“ఏరా, బతికే ఉన్నావా? నువ్వు నాకు ఫోన్ చేయడమేంటి?” అన్నాడు అమన్.

“ఊరికే. నాన్నని బాగా చూసుకున్నావు గదా. థాంక్స్ చెబుదామని.”

“పదిహేను రోజులయ్యిందిరా.”

“బిజీ.”

“ఊ. ఇంకా?”

“ఇంకేం లేదు. అదే... మా కజిన్ ఒకడున్నాడు. వాడికి నీ కోర్సు వివరాలు కావాలంట.”

“ఏ కజిన్?”

“నీకు తెలీదులే. అవనిగడ్డ.”

“పేరు?”

“పేరెందుకు? ... పవన్‌కుమార్.”

“బైపీసీనేనా?”

“ఆ.”

“నీట్ రాశాడా?”

“రాశాడు.”

“ఎన్నిసార్లు?”

సిద్ధార్థ, కజిన్ పరువు కాపాడే ఉద్దేశంతో, “రెండు,” అన్నాడు.

“నయం. నాలుగుసార్లు రాసి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. సరేగానీ, మీ పవన్‌కుమార్‌కి రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయా?”

“ఎందుకు తిరుగుతాయి?”

“ఏం లేదు. మీ ఫ్యామిలీలో ఉంది గదా, అందుకని.”

ఇంటర్ మొదటి ఏడాది ల్యాబులో, రక్తం గ్రూపు చూడటానికి వేలికి సూది గుచ్చగానే సిద్ధార్థ బల్ల కింద తేలిన ఉదంతం అది. ఆ రోజు ముఖం మీద నీళ్లు కొట్టింది అమనే. సిద్ధార్థ పళ్లు బిగబట్టి, “వాడికట్టాంటిదేం లేదు,” అన్నాడు.

“అయితే తొందరగా రమ్మను. ఇరవయ్యో తారీఖు శనివారం ఆఖరు. సీట్లు కూడా బాగా తక్కువరా. ఒరిజినల్స్ చేతిలో ఉన్నాయా వాడికి? మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు? అవి లేకుండా లోపలికే రానీయరు.”

“ఉంటాయిలే.”

“ఉంటాయిలే కాదు, ఉన్నాయో లేదో చూసుకోమను. పవన్‌కుమార్‌కి ఆల్ ద బెస్ట్ చెప్పానని చెప్పు. మంచి కోర్సురా. కష్టపడితే బాగుపడతాడు.”

సిద్ధార్థ ఫోన్ పెట్టేశాడు. తనకి ఇన్నేళ్లలో ఎవరూ అంత మనస్ఫూర్తిగా ఆల్ ద బెస్ట్ చెప్పలేదు. భూమ్మీద లేని ఆ పవన్‌కుమార్ మీద కూడా అతనికి కొంచెం కుళ్లు పుట్టింది.

ఒరిజినల్స్ అతని చేతిలో లేవు. మైలవరంలో ఒక డిగ్రీ కాలేజీ బీరువాలో ఉన్నాయి.

దీనికి రామకోటేశ్వరరావు దూరదృష్టి కారణం. లాంగ్ టర్మ్ పిల్లల తండ్రులందరికీ ఉండే భయమే ఆయనకీ ఉంది: చదువులో గ్యాప్ కనపడకూడదు. ఎంబీబీఎస్ సీటు వచ్చిందా సరే. రాకపోతే ‘ఈ ఏడు ఏం చేశావు’ అని రేపు ఎవరో అడుగుతారు. అందుకని, కొడుకు హాస్టల్లో కప్ప గుండె చదువుకుంటూ ఉండగా, కాగితాల మీద మైలవరంలో బీఎస్సీ చదివేట్టు చేర్పించాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ కాలేజీ తీసుకుంది. సిద్ధార్థ మూడేళ్లుగా ఆ కాలేజీ విద్యార్థి. దాని గేటు ఎటువైపు ఉందో అతనికి తెలియదు.

గురువారం ఉదయం బస్సెక్కి మైలవరం వెళ్లి, అడిగి అడిగి గేటు కనుక్కున్నాడు. ఆఫీసులో శౌరయ్య అనే పెద్దవయసు గుమస్తా కళ్లజోడు పైకి నెట్టి, అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

“కాలేజీ మానేస్తావా?”

“అవునండీ. నా సర్టిఫికెట్లు కావాలి.”

“నువ్వు చేరినట్టే నాకు గుర్తులేదు బాబూ. చేరనివాడివి ఎట్టా మానేస్తావు?”

“రిజిస్టర్లో ఉంటుందండీ.”

శౌరయ్య రిజిస్టరు తిరగేశాడు. “ఉంది. మూడేళ్లుగా ఫస్టియర్లోనే ఉన్నావు. మా ప్రిన్సిపాల్ గారి కంటే సీనియర్‌వి. ఆయనొచ్చి రెండేళ్లే.” రిజిస్టరు మూశాడు. “మానేస్తున్నట్టు లెటరు, మీ నాన్నగారి సంతకం.”

“రేపు సంతకం పెట్టించుకుని తెస్తానండీ.”

“సంతకం వస్తే చాలదు, నాన్నగారు రావాలి. పోయినేడు ఒకడు వాళ్ల నాన్న సంతకం నా ముందే పెట్టాడు, నా పెన్నుతోనే. శనివారం పదింటికి రండి. రేపు ప్రిన్సిపాల్ గారు ఉండరు.”

సిద్ధార్థ అంతవరకూ ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. రామకోటేశ్వరరావు ఇంకా ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌లో ఆఖరి విడత కోసం ఎదురుచూస్తున్నాడు. అందరూ ఏరుకోగా మిగిలిన సీట్లు పంచే విడత అది. అది అయ్యేసరికి మిగతా కోర్సులన్నిటికీ తలుపులు మూసేస్తారు. ప్రతి ఏడూ అదే జరిగింది. ఈసారి శనివారం నాలుగింటికల్లా మంగళగిరి కాలేజీలో కాగితాలు ఇవ్వకపోతే, మళ్లీ ఏడాది కోచింగ్ బల్ల, మళ్లీ కప్ప, మళ్లీ ఆరుంబావుకి అమన్ స్టేటస్.

ఆ మధ్యాహ్నం తండ్రి షిఫ్టు దిగొచ్చి, రెండున్నరకి భోజనానికి కూర్చున్నాడు. పప్పులో నెయ్యి బదులు బీపీ మాత్ర వేసుకోవాల్సి వచ్చినందుకు ఆయన మనసు అసలే బాగాలేదు. సిద్ధార్థ నిలబడే మొత్తం చెప్పేశాడు.

“ఆఖరి రౌండ్ ఇంకా ఉంది గదరా,” అన్నాడు రామకోటేశ్వరరావు. “ఎవడో ఒకడు సీటు వదిలేస్తాడు.”

“ఎవరండీ వదిలేసేది, మన కోసం?” అంది శివపార్వతి, చారు వడ్డిస్తూ.

“నువ్వుండవే. ఒరేయ్, షిఫ్టులో అందరికీ మావాడు డాక్టరవుతాడని చెప్పా. రేపు అసిస్టెంట్ అని ఎట్టా చెప్పేది?”

“డాక్టరవుతానని చెప్పి నాలుగేళ్లయింది నాన్నా. వాళ్లు మర్చిపోయుంటారు.”

“వాళ్లా? ప్రతి జూన్‌లో స్వీట్లెప్పుడని అడుగుతారు. నాకు ఆరు సిగరెట్లు ఎందుకవుతున్నాయనుకున్నావు?”

“ఇంకా ఆరా?” అంది శివపార్వతి.

ఆయన మాట మార్చడానికి చారు మెచ్చుకున్నాడు. ఆవిడ ఆ మెప్పుని ఖాతరు చేయకుండా, “మొన్న ముస్తాక్ గారొచ్చారు, మన ఫ్రిజ్ చూడ్డానికి,” అంది.

“అయితే?”

“మీ గురించి చెప్పారు.”

“నా గురించి వాడు చెప్పేదేంటి?”

“‘కోటేశ్వరరావు గారి గుండె మావాడే చూశాడమ్మా’ అన్నారు.”

రామకోటేశ్వరరావు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. “వాడెక్కడ చూశాడు? డాక్టరు చూశాడు. వాడు కాలు నొక్కాడంతే.”

“అది కూడా చెప్పారు. వెనక వీధి పద్మావతమ్మ గారు కూడా అడిగింది, ‘అమన్ చూశాడంట గదా, ఇప్పుడెట్టా ఉన్నాడు మీ ఆయన’ అని.”

“పద్మావతమ్మకి కూడా చెప్పాడా?”

“వాళ్లింట్లో ఏసీ కూడా పాడయిందంట.”

ఇబ్రహీంపట్నంలో ఆ నెలలో ఎన్ని ఏసీలు పాడయి ఉంటాయో, ఎన్ని ఇళ్లల్లో తన గుండె ప్రసంగం నడిచి ఉంటుందో రామకోటేశ్వరరావు లెక్క వేసుకుంటున్నట్టు కాసేపు గోడకేసి చూశాడు. తర్వాత కంచంలో చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, గొంతు సవరించుకున్నాడు.

“మైలవరం కాలేజీ ఎన్నింటికి తీస్తారు?”

శనివారం తండ్రీ కొడుకులు పదింటికి శౌరయ్య ఎదుట హాజరయ్యారు. లెటరు, సంతకం, ప్రిన్సిపాల్ గారి సంతకం అయ్యేసరికి పదకొండు. బీరువా తాళం ఇంకో గుమస్తా యేసుకుమార్ దగ్గర ఉంది. యేసుకుమార్ బావమరిది నిశ్చితార్థంలో ఉన్నాడు. ఆయన పట్టుచొక్కాతో వచ్చి, సర్టిఫికెట్లు తీసిచ్చి, మళ్లీ భోజనాలకి అందుకోవాలని బండి మీద వెళ్లిపోయేసరికి ఒంటిగంటకి పది నిమిషాలుంది. అక్కణ్ణుంచి బెజవాడ బస్టాండు దాకా ఒక బస్సు, బస్టాండు నుంచి మంగళగిరికి ఇంకో బస్సు, మంగళగిరి నుంచి ఆటో. దారి పొడుగునా సిద్ధార్థ ఫైలు గుండెకి హత్తుకుని కూర్చున్నాడు. వారధి మీద బస్సు ఆగినప్పుడల్లా, ఆ క్షణంలోనే ఎవడో తన సీట్లో కూర్చుంటున్నట్టు కనపడింది. ‘సీట్లు కూడా బాగా తక్కువరా’ అన్న మాట ఇంజను చప్పుడులో కూడా వినపడుతూనే ఉంది. వాడు మాత్రం మొదటి ఏడే హాయిగా చేరిపోయాడు. ఎండలో పడకుండా, బీరువా తాళాల కోసం నిశ్చితార్థాలు చెడగొట్టకుండా.

కాలేజీలో దిగేసరికి మూడున్నర. అడ్మిషన్ల ఆఫీసు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు పనిచేయడం లేదు. మొదటి అంతస్తు మెట్లు ఎక్కుతుండగా వాళ్లని దాటుకుని ఒక అమ్మాయి గబగబా పైకి వెళ్లింది. చేతిలో తళతళలాడే ప్లాస్టిక్ ఫైలు, అందులో వరసగా జెరాక్సులు, ఒక్కోదానికి ఒక్కో రంగు చీటీ.  ఉన్న ఆ ఒక్క సీటూ ఆ ఫైలుదే. సిద్ధార్థ రెండేసి మెట్ల చొప్పున ఎక్కడం మొదలుపెట్టాడు.

“ఒరేయ్, ఆగరా,” అన్నాడు వెనక నుంచి రామకోటేశ్వరరావు.

ఆయన మలుపు దగ్గర పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖం నిండా చెమట. పైన అమ్మాయి చెప్పుల చప్పుడు కారిడార్‌లోకి తిరిగింది. సిద్ధార్థ ఒకసారి పైకి చూశాడు, ఒకసారి కిందికి చూశాడు. తన జీవితంలో నలభై సెకన్లలో జవాబు గుర్తించలేని మొదటి ప్రశ్న అది. తర్వాత కిందికి దిగి, తండ్రిని మెట్టు మీద కూర్చోబెట్టి, సీసాలో నీళ్లు తాగించి, మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి, ఫోన్లో గడియారం చూస్తూ లెక్కపెట్టాడు. పూర్తిగా ఒక నిమిషం.

“నొప్పుందా? చేతిలోకి లాగుతోందా?”

“లేదురా. ఎండ, ఆయాసం. అంతే. ఎంతుంది?”

“తొంభై ఆరు.”

“ఆస్పత్రిలో అమన్ అర నిమిషమే చూశాడే.”

“అర నిమిషం చూసి రెండుతో గుణిస్తారు నాన్నా.”

“నువ్వెందుకు గుణించలేదు?”

“నా మీద నాకింకా అంత నమ్మకం లేదు.”

 రామకోటేశ్వరరావు జేబు తడుముకుని, అందులో ఉన్నది అలాగే ఉంచేసి, చెయ్యి బయటికి తీశాడు. “సరే, మళ్లీ చూడు. ఈసారి అర నిమిషమే చూసి గుణించు,” అన్నాడు.

మళ్లీ చూశాడు. నలభై నాలుగు. ఎనభై ఎనిమిది. తగ్గుతోంది. ఇద్దరూ నెమ్మదిగా ఒక్కో మెట్టే ఎక్కుతూ, మలుపు మలుపుకీ ఆగుతూ పైకి చేరేసరికి నాలుగింటికి ఎనిమిది నిమిషాలుంది.

ప్లాస్టిక్ ఫైలు అమ్మాయి పని ముగించుకుని బయటికి వస్తోంది. ముఖం వెలిగిపోతోంది. సిద్ధార్థ దారి తప్పుకుని నిలబడ్డాడు. ఆ అమ్మాయి ఫైలు వైపు మాత్రం చూడకుండా ఉండలేకపోయాడు. రంగు చీటీలు కూడా తనకి తట్టలేదు. అన్నిటికీ తట్టేవాళ్లు వేరే ఉంటారు.

లోపల కౌంటర్ వెనక కూర్చున్న ఆవిడ మగ్గులో మిగిలిన టీ తాగుతూ, “ఏ కోర్సు బాబూ?” అంది.

“ఫిజీషియన్ అసిస్టెంట్ అండీ,” అన్నాడు సిద్ధార్థ.  “సీట్లు... ఉన్నాయాండీ?”

ఆవిడ జవాబు చెప్పకుండా కాగితాలు అందుకుని, ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూసి, కంప్యూటర్లో పేరు కొట్టి, ఒక ఫారం ముందుకి తోసి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. సిద్ధార్థ పెట్టాడు. పక్కన రామకోటేశ్వరరావు కూడా పెట్టాడు, ఆయన అలవాటు ప్రకారం కింద రెండు గీతలతో.

ఆ ఏడాది ఆ కోర్సులో సీట్లు ముప్ఫై. సిద్ధార్థ చేరింది ఏడోవాడిగా.